మా షెడ్డులో పిల్లలు కుట్టరు

నాది సాలూరు. బస్టాండుకి దగ్గర్లో నాకొక చిన్న టైలరింగు షాపుండేది. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు కుట్టేదాన్ని. మా ఊరి నుంచి చూస్తే కొండలు ఎదురుగానే ఉంటాయి. కానీ మా కింద ఊళ్లవాళ్లకి కొండంటే చింతపండు, అడ్డాకులు, చీపుర్లు దిగొచ్చే చోటు. అక్కడి మనుషులెలా బతుకుతున్నారో ఎవరం పెద్దగా ఆలోచించేవాళ్లం కాదు.

అలాంటి నన్ను కొండెక్కించింది టీచరమ్మ. ఆవిడ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పుట్టిల్లు సాలూరే. రిటైరయ్యాక అరకు దగ్గర పిల్లల హోము పెట్టింది. కొండ ఊళ్ల పిల్లల్ని ఇళ్లల్లో పనికీ, మిల్లులకీ, హోటళ్లకీ, రొయ్యల షెడ్లకీ తీసుకుపోయి వాడుకుంటారు కదా, వాళ్లని పోలీసులూ అధికారులూ విడిపించాక, ఇంటికెళ్లడానికి కుదిరేదాకా ఉండే చోటది. ఆ పిల్లల బట్టలు నా దగ్గరే కుట్టించేది. ఒకసారి గౌన్లు తీసుకుంటూ లోపలి కుట్టు తిరగేసి చూసింది.

"నీ చెయ్యి బాగుందమ్మా. కొండమీద ఆడవాళ్లకి కుట్టు నేర్పుతావా?"

"ఎన్నాళ్లండీ?"

"వాళ్లకి వచ్చేదాకా."

పెళ్లిళ్ల హడావిడి అయ్యాక వెళ్లాను. వానలు పడేసరికి తిరిగొచ్చేద్దామనే అనుకున్నాను. మా ఆయన పోయి అప్పటికే కొన్నేళ్లైంది. మా అబ్బాయి విజయనగరంలో ఉద్యోగంలో కుదురుకున్నాడు. నన్ను వెనక్కి లాగేవాళ్లెవరూ లేరు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

హోము నడపడానికి టీచరమ్మ చందాల మీద ఆధారపడేది. ఇచ్చేవాళ్లు ఒక ఏడు ఇస్తారు, మరో ఏడు మర్చిపోతారు. పిల్లలకి మాత్రం ఏ ఏడూ ఆకలి ఆగదు. తిండొక్కటేనా, డాక్టరు, బడి, మనసు కుదుటపరిచే కౌన్సిలరు, కోర్టు పనికి తిరిగే ఛార్జీలు. "అడిగి అడిగి నాకు విసుగొచ్చేసింది," అంది ఒకరోజు. "మనమే ఏదో ఒకటి చేసి అమ్ముదాం. జాలిపడి కొనేది కాదు. బాగుందని కొనేది."

ఆ చేసేది బొంతలని తేల్చింది చలి. అరకులో చలికాలం పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. అక్కడ ఏ ఇంట్లో చూసినా పాత చీరలు మడతల మీద మడతలు పెట్టి, చేత్తో వరసగా సన్నని కుట్టు వేసిన బొంతలుంటాయి. ఆ ఆడవాళ్లకి కుట్టు నేను నేర్పేదేమీ లేదు, వాళ్లకి వచ్చు. కొలత తప్పకుండా కత్తిరించడం, అంచు మడిచి మిషను మీద కుట్టడం, రంగు పక్కన రంగు పెట్టడం, ఇవి నేర్పాను. హోముకి కొంచెం దూరంలో రేకుల షెడ్డు వేశాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. బొంతలతోపాటు సంచులు, దిండు గలీబులు మొదలయ్యాయి. నగరాల్లోనూ విదేశాల్లోనూ ఫెయిర్ ట్రేడ్ దుకాణాలని ఉంటాయట. కుట్టినవాళ్లకి సరైన కూలి ముట్టాలి, ధర ముందే మాట్లాడుకోవాలి, పనిలో పిల్లలు ఉండకూడదు, అదీ వాళ్ల పద్ధతి. వాళ్ల మనుషులొచ్చి షెడ్డు చూసి, ఆడవాళ్లతో విడిగా మాట్లాడి వెళ్లారు. అప్పటి నుంచి సరుకు కొనడం మొదలెట్టారు. కూలి పోగా మిగిలింది హోముకి.

అలా నడుస్తుండగా ఒకామె వచ్చింది. పై ఊరు. జీపు దిగాక చాలా దూరం నడవాలి ఆ ఊరికి. భర్త కూలికని ఒడిశా వైపెళ్లి తిరిగి రాలేదు. వాళ్లింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, తెలుగు కొంచెం కొంచెంగా మాట్లాడేది. మిగతావాళ్లు కుడుతూ పాడుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. ఈమె తల ఎత్తేది కాదు. కుట్టు మాత్రం చీమల బారులా ఉండేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా బేగి తినేసి మళ్లీ సూది పట్టుకునేది.

"అంత తొందరేటమ్మా?" అని అడిగాను.

"పట్నం ఎల్లాల," అంది. "నా గుంట అక్కడుంది." మా వైపు గుంటంటే ఆడపిల్ల.

మెల్లగా చెప్పుకొచ్చింది. సంతలో ఒక ఆడమనిషి పరిచయమైంది. వాళ్ల వైపు దూరపు చుట్టం కూడానట. పట్నంలో మంచి ఇల్లుంది, ఒక పసిపాప ఉంది, పాపతో ఆడుకుంటే చాలు, బళ్లో వేస్తారు, తిండీ బట్టా వాళ్లే చూసుకుంటారని చెప్పింది. ఇంట్లో అంబలి కాచుకునే చోళ్లు కూడా నిండుకున్న రోజులవి.

"సదువుకుంటాదని ఇచ్చీసినాను. మొదట్లో పక్కింటోల ఫోనుకి మాటాడింది. ఇప్పుడు లేదు. ఆ ఆడమనిసినడిగితే నీ గుంట సుకంగుంది, నువ్వే సెడగొడతన్నావంటాది. నానే ఎల్లి సూసుకుంటాను."

"పట్నంలో ఎక్కడని చూస్తావు?"

"ఎతుకుతాను," అంది.

ఆ సాయంత్రమే టీచరమ్మకి చెప్పాను. మర్నాడు ముగ్గురం పోలీసు స్టేషనుకి వెళ్లాం. అక్కడ ఎస్సై చెడ్డవాడేం కాదు, కానీ చేతినిండా పనితో ఉన్నాడు. "తల్లే పంపింది కదండీ. ఇందులో మేం చేసేదేముంది?" అన్నాడు.

టీచరమ్మ గొంతు పెంచలేదు. "బడికని పంపింది. పనికి కాదు. ఆ వయసు పిల్లని ఇంట్లో పనికి పెట్టుకోకూడదని మీకు నేను చెప్పాలా? కంప్లైంటు రాసుకోండి నాయనా, మేం ఇక్కడే కూర్చుంటాం."

కూర్చున్నాం. మధ్యాహ్నం క్యారేజీ విప్పి అక్కడే తిన్నాం. ఎస్సైకి కూడా పులిహోర పెట్టింది టీచరమ్మ. ఆ రోజు కాలేదు. తర్వాతి రోజూ వెళ్లాం. కంప్లైంటు రాసుకునేదాకా ఆ బల్ల మీంచి లేవలేదు. ఆ తర్వాత మాత్రం ఎస్సై చురుగ్గానే కదిలాడు. సంతలో ఆ మధ్యవర్తి ఆడమనిషిని పట్టుకుని స్టేషనుకి తెచ్చాడు. ముందు నాకేం తెలీదంది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఇంటి అడ్రసు చెప్పింది. ఆ పట్నం మేమనుకున్న విశాఖపట్నం కాదు, ఇంకా చాలా దూరం.

రైలెక్కాం. టిక్కెట్లూ ఖర్చులూ షెడ్డు మిగులులోంచే. బయల్దేరేటప్పుడు షెడ్డులో అందరికన్నా పెద్దామె, మేం ముసలమ్మ అని పిలిచేవాళ్లం, తల్లి చేతిలో మొక్కజొన్న పేలాల మూట పెట్టి, "గుంటనొదిలి రాకు," అంది.

ఆ నగరంలో అక్కడి పోలీసులు, లేబర్ ఆఫీసరు మాతో వచ్చారు. అపార్టుమెంటు. లిఫ్టు. తలుపు తీసిన ఇంటావిడ చదువుకున్న మనిషి, మెత్తగా మాట్లాడింది. "మా సొంత పిల్లలా చూసుకుంటున్నామండీ. కావాలంటే దాన్నే అడగండి," అని లోపలికి కేకేసింది.

ఆ గుంట వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించేశారు. చేతులు సబ్బు నీళ్లలో నాని నాని వేళ్ల దగ్గర తోలు లేచిపోయి ఉన్నాయి. మమ్మల్ని చూసింది, పోలీసుల్ని చూసింది, తల్లిని కూడా చూసింది. చూసి, అలవాటుగా అంది, "మంచినీళ్లు తెమ్మంటారా?"

తల్లి వాళ్ల భాషలో పేరు పెట్టి పిలిచింది. గుంట కదల్లేదు. తెలుగులోనే, ఆ ఇంటి తెలుగులో, "పాప లేచే టైమైందండీ. పాలు కాచి పెట్టాలి," అంది. తల్లి ఆ గచ్చు మీద కూలబడిపోయింది. లేబర్ ఆఫీసరు పిల్ల పడుకునే చోటు చూపించమని అడిగాడు. గుంటే చూపించింది. వాషింగ్ మిషను పక్కన చాప.

బట్టలు ఒక ప్లాస్టిక్ సంచిలో పట్టాయి. లిఫ్టులో కిందికి దిగుతున్నప్పుడు గుంట నా కొంగు పట్టుకుని, "మరి పాపకి పాలెవరు పడతారు?" అని అడిగింది. టీచరమ్మే చెప్పింది, "వాళ్లమ్మ పడుతుంది. మీ అమ్మ నీకు పెడుతుంది."

అధికారుల ముందు, పిల్లల సంక్షేమ కమిటీ ముందు జరగాల్సినవన్నీ జరిగాక గుంటని మా హోముకి పంపారు. ఆ మధ్యవర్తి మళ్లీ ఊళ్లోకి వస్తుందన్న భయం ఉంది కాబట్టి, కొన్నాళ్లు హోములో ఉంటేనే మంచిదన్నారు. తల్లి షెడ్డు దగ్గరే ఒక గదిలో ఉండిపోయింది. పగలు కుట్టు, సాయంత్రం కూతురు దగ్గర.

విడిపించడంతో పని అయిపోతుందని బయటివాళ్లు అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అసలు కష్టం అక్కణ్ణుంచే మొదలైంది.

తెల్లారకముందే గిన్నెల చప్పుడు వినబడేది. వెళ్లి చూస్తే, హోము పిల్లలందరి కంచాలూ ముందేసుకుని కూర్చుని తోముతుండేది ఈ గుంట. వంటామె వద్దంటే వరండా తుడిచేది. అది వద్దంటే ఎవరివో బట్టలు నానబెట్టేది. అన్నం నిలబడి తినేది, అందరూ తిన్నాక. కుర్చీలో కూర్చోమంటే అంచు మీద ఆనేది, ఎవరైనా వస్తే గబుక్కున లేచేది. తోటి పిల్లలు ఆడుకుంటుంటే గోడకి ఆనుకుని చూసేది. ఎవరి బంతైనా దూరం పోతే మాత్రం పరుగెత్తి తెచ్చిచ్చేది.

కొన్నాళ్లకి షెడ్డుకి రావడం మొదలెట్టింది. తల్లి దగ్గర కూర్చుంటుందనుకున్నాను. నా మిషను దగ్గరకొచ్చి నిలబడింది.

"టైలరమ్మా, నాకేటైనా పనియ్యి."

"నీకిక్కడ పని లేదు తల్లీ."

"సూదిలో దారం ఎక్కిత్తాను. దారాలు కత్తిరిత్తాను."

"వద్దు. మా షెడ్డులో పిల్లలు కుట్టరు. పని పెద్దోళ్లది."

"మరి నాకు కూడెందుకెడతన్నారు?" అంది.

"పిల్లవి కాబట్టి."

ఆ మాట ఆమెకి అర్థం కాలేదు. నమ్మలేదంటే సరిగ్గా ఉంటుంది. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఒకరోజు నేను "వద్దన్నాను కదా," అనగానే దారపు రీళ్ల డబ్బా ఎత్తి విసిరికొట్టింది. రీళ్లు షెడ్డంతా దొర్లాయి. "పనియ్యకపోతే నన్నింకో ఇంటికి పంపీడానికే కదా! నాకు తెల్దనుకున్నావేటి?" అని అరిచింది. వెంటనే భయపడిపోయి, మోచేతులతో తల కప్పుకుని మూలన కూర్చుంది. దెబ్బలు పడతాయనుకుంది. తల్లి లేవబోతే ముసలమ్మ ఆపింది. మేం ఆడవాళ్లం అందరం వంగి రీళ్లు ఏరుకున్నాం. గుంట చేతుల సందులోంచి మమ్మల్నే చూస్తూ ఉంది.

హోముకి విశాఖపట్నం నుంచి ఒక కౌన్సిలరమ్మాయి వచ్చేది. ఆమెతో చెప్పాను. "మాటలతో నమ్మించలేమండీ," అంది ఆ అమ్మాయి. "పని చెయ్యకపోయినా ఇక్కడ ఏమీ అవదని ఆ పాపకి రోజూ కనబడాలి. మీరంతా ఒకే మాట మీద ఉండాలి."

షెడ్డులో ఆ సంగతి చెప్పాను. ఆర్డరు గడువు దగ్గర పడుతున్న రోజులు. ముసలమ్మ వక్క నముల్తూ విని, "అయితే ఒక పని సేద్దారి," అంది. "ఆ గుంట సూదట్టుకుంటే మనందరం సూదులు దించీదారి. దించి ఊరకే కూకుందారి."

"ఆర్డరో?" అన్నాను.

"ఆర్డరు ఎక్కడికెలిపోతాది?"

నేలమీద పెద్ద బొంత పరిచి, నాలుగు వైపులా నలుగురైదుగురు కూర్చుని కుట్టేవాళ్లు. ఆ మధ్యాహ్నం గుంట వచ్చి, ఎవరో వదిలిన సూది తీసుకుని, ఒక మూల కూర్చుని కుట్టడం మొదలెట్టింది. ముసలమ్మ సూది దించింది. పక్కామె దించింది. తల్లి దించింది. నేను మిషను ఆపాను. రేకుల మీద గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. గుంట కొన్ని కుట్లు వేసి తలెత్తింది. అందరి చేతులూ ఒళ్లో ఉన్నాయి.

"కుట్టండి," అంది.

ఎవరూ కుట్టలేదు.

"ఎందుకు కుట్టరు? ఆర్డరెలిపోదా?"

"నువ్వు మానితే మేం కుడతాం," అంది ముసలమ్మ, కోపం లేకుండా.

గుంట పెదాలు బిగించి ఇంకో రెండు కుట్లు వేసింది. సూది గుడ్డలో గుచ్చి వదిలేసింది. అందరూ మళ్లీ మొదలెట్టారు.

ఆ తర్వాత చాలాసార్లు జరిగింది ఇది. పని వెనకబడింది. ఒక సరుకు ఆలస్యంగా పంపాల్సొచ్చింది కూడా. అయినా ఒక్కరు కూడా, ఆ ఒక్క పిల్ల కోసం ఇంత నష్టమా అనలేదు. కూలి నష్టపోయేది వాళ్లే. వాళ్లే ఆగేవాళ్లు.

వానాకాలం చివర్లో ఒకరోజు. బయట ముసురు. పెద్ద బొంత పరిచి ఉంది. గుంట వచ్చి మూలన కూర్చుంది, సూది ముట్టుకోలేదు. కాసేపటికి పక్కకి ఒరిగింది. ఇంకాసేపటికి మెల్లగా పాకి ఆ బొంత మధ్యలో పడుకుంది, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని. పట్టపగలు, అందరి మధ్యా, నిద్రపోయింది. మేం దానికి ముందు ఎప్పుడూ ఆమె పగలు కన్ను మూయడం చూడలేదు.

తల్లి లేపబోయింది. "పడుకోనీ," అన్నాను. ఆడవాళ్లు అంచుల దగ్గర కుట్టుకుంటూ వచ్చారు, గుడ్డ లాగకుండా, గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ. అంచులన్నీ అయిపోయాయి, మధ్యభాగం మిగిలింది. పని లేక అలాగే కూర్చున్నారు. ఒకామె చోడంబలి తెచ్చి తలా ఒక గిన్నె పోసింది. సాయంత్రం గుంట లేచి, కళ్లు నులుముకుని, చుట్టూ చూసి గాభరాగా నిలబడబోయింది.

"ఏటైంది?" అంది.

"ఏటీ అవలేదు," అంది ముసలమ్మ. "అంబలి తాగుతావా?"

కూర్చుని తాగింది. ఆ మర్నాడు తెల్లవారుజామున వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు. ఆ తర్వాత మళ్లీ కొన్ని రోజులు ఉంది, మళ్లీ లేదు. అలా ముందుకీ వెనక్కీ పోతూనే తగ్గింది.

ఇదంతా కుదుటపడుతున్న సమయంలోనే ఒకాయన వచ్చాడు. పెద్ద కంపెనీకి చేతిపనుల సరుకు కొనిపెట్టే మనిషి. మా పాత ఫెయిర్ ట్రేడ్ దుకాణాల తాలూకు కాదు. బొంతలు తిరగేసి చూశాడు, మెచ్చుకున్నాడు, మేం ఎప్పుడూ చూడనంత పెద్ద ఆర్డరు ఇస్తానన్నాడు. టీచరమ్మ మొహం వెలిగింది. హోముకి కొత్త గది కట్టాలని ఆవిడకి ఎప్పట్నుంచో ఉంది. ఆడపిల్లలందరూ ఒకే హాల్లో ఇరుక్కుని పడుకుంటున్నారు.

"ఒక్కటే అండీ," అన్నాడాయన. "ప్రతి బొంతకీ ఒక అట్టముక్క కడదాం. దాని మీద ఒక పాప ఫొటో, ఆ పాప కథ నాలుగు లైన్లు. మీరు కొన్న ఈ బొంత ఈ పాపని కాపాడింది అని. ఈ రోజుల్లో కథ లేకపోతే సరుకు కదలదు."

"పిల్లల వివరాలు బయటపెట్టకూడదండీ. చట్టం ఒప్పుకోదు," అంది టీచరమ్మ.

"మొహం కనపడకుండా తీద్దాం. వెనకనుంచి. పేరు మార్చేద్దాం."

టీచరమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డులోకి తీసుకొచ్చింది. కుట్టేవాళ్లని అడగకుండా ధరలు కూడా ఒప్పుకోని మనిషి ఆవిడ. సంగతి చెప్పింది. ఆర్డరు ఎంత పెద్దదో కూడా దాచకుండా చెప్పింది. తల్లి సూది పక్కన పెట్టి లేచింది. ఆమె షెడ్డుకి వచ్చినప్పట్నుంచీ కొత్తవాళ్ల ముందు నోరు విప్పడం చూడలేదు.

"నా గుంట బొమ్మ కడతావా?"

"మొహం కనపడదమ్మా," అన్నాడాయన, నచ్చజెబుతున్నట్టు.

"కనపడకపోతే నా గుంట కాకుండా పోద్దేటి? ఒకర్తి సంతలో మాటసెప్పి అట్టుకుపోయింది. నువ్వు అట్టముక్క మీద అట్టుకుపోతావా?" ఒడియా, తెలుగు కలిసిపోయి గబగబా వచ్చేస్తున్నాయి మాటలు. "నా బొంత బాగుందా, కొనుక్కో. బాగోలేదా, ఎలిపో. నా గుంట కత నానమ్మను."

ఆయన టీచరమ్మ వైపు చూశాడు. టీచరమ్మ షెడ్డులోవాళ్ల వైపు చూసింది. ఒక్కరూ తల దించుకోలేదు. "విన్నారు కదండీ," అంది టీచరమ్మ. ఆయన నమస్కారం పెట్టి మర్యాదగానే కారెక్కాడు. ఆర్డరు ఆయనతోనే పోయింది.

ఆ ఏడు మాకు గడ్డుగా గడిచింది. పాత దుకాణాలవాళ్ల ఆర్డర్లు కూడా అప్పట్లో పలచబడ్డాయి. షెడ్డులో బొంతలు పైకప్పు దాకా పేరుకున్నాయి. ఎవరినీ పనిలోంచి తీసెయ్యకుండా, ఉన్న పనే అందరూ పంచుకున్నారు. హోములో కోడికూర వండే రోజులు తగ్గాయి కానీ ఏ పిల్లనీ బయటికి పంపలేదు. నేను సాయంత్రాలు అరకు బజారు వాళ్లకి జాకెట్లు కుట్టి ఆ డబ్బు వంటింటికిచ్చాను. ఇస్తే ఎవరూ వద్దనలేదు, అందరి ఇళ్లల్లోనూ ఇబ్బందిగానే ఉంది.

చలికాలం వచ్చింది. వలిసె తోటలు పసుపుపచ్చగా పూశాయి. వాటి ముందు ఫొటోలు దిగడానికి కార్లు బారులు తీరాయి. ముసలమ్మే అంది, "ఆళ్లు మైదానం మనుసులు. సలికి వణుకుతన్నారు. మన బొంతలక్కడెట్టీదారి." రోడ్డు పక్కన వెదురు కర్రలు పాతి, తాళ్లు కట్టి, బొంతలు ఆరేశాం. ఏ కథా రాయలేదు. కుట్టిన ఊరి పేరొక్కటే. జనం ఆగారు, ముట్టుకుని చూశారు, భుజాల మీద కప్పుకుని ఫొటోలు దిగారు, బేరమాడారు. మా వాళ్లు ధర దించలేదు. చాలామంది కొనకుండా పోయారు. కొన్నవాళ్లు మాత్రం ఆ తర్వాత ఫోన్లు చేసి మళ్లీ అడిగారు. పసిపిల్లలకి చిన్న బొంతలు కావాలని ఒక నర్సమ్మ అడిగితే అవి కుట్టాం, అవి అన్నిటికన్నా ఎక్కువ పోయాయి. మెల్లగా పాత దుకాణాలు కూడా తేరుకున్నాయి. కొత్త గది అనుకున్నదానికన్నా ఆలస్యంగా, అనుకున్నదానికన్నా చిన్నదిగా లేచింది. గోడలకి రంగు ఈ మధ్యే వేశాం.

గుంట ఇప్పుడు హోములో లేదు, తల్లితో వాళ్ల ఊరికి తిరిగెళ్లింది. ఆశ్రమ పాఠశాలలో చదువుతుంది, సెలవులకి ఇంటికొస్తుంది. లెక్కలంటే ఏడుపు. ఖోఖో బాగా ఆడుతుంది. కోపం ఎక్కువ, తోటి పిల్లలతో తగాదాలు పెట్టుకుందని బడి నుంచి తల్లికి కబురొస్తుంది. తల్లి తల పట్టుకుంటుంది కానీ నాకా కబురు వినడానికి బాగుంటుంది. కిందటిసారి నేను వాళ్లింటికెళ్లినప్పుడు అరుగు మీద బోర్లా పడుకుని ఏదో రాసుకుంటూ ఉంది. నన్ను చూసి లేవలేదు. "అమ్మా, టైలరమ్మొచ్చింది, నీల్లట్టుకురా!" అని లోపలికి ఒక కేక పెట్టి మళ్లీ రాసుకుంది.

దానికి సూది పని రాదు. నేర్చుకుంటానని కూడా ఎప్పుడూ అనలేదు. పెద్దయ్యాక వచ్చి అడిగితే నేర్పుతాను, అడగకపోతే ఆ మిషన్లు ఇంకొకరివి.

కేసు మాత్రం ఇంకా నడుస్తోంది. గుంటని పనికి పెట్టుకున్న ఇంటివాళ్లకి పెద్ద లాయరున్నాడు. ఆ మధ్యవర్తి బెయిలు మీద బయటే ఉంది. గుంట ఒకసారి సాక్ష్యం చెప్పింది, కౌన్సిలరమ్మాయి పక్కన కూర్చుని. మధ్యమధ్యలో వాళ్ల భాషలోకి వెళ్లిపోతే మళ్లీ తెలుగులో చెప్పింది. చాప సంగతి చెప్పింది, జుట్టు సంగతి చెప్పింది. బడి సంగతి అడిగితే, "బడెక్కడుందో కూడా నాకు సూపించలేదండీ," అంది. బయటికొచ్చాక ఐస్‌క్రీం అడిగింది, రెండు తింది.

మొన్న వాయిదాకి నేనూ తల్లీ వెళ్లాం. తెల్లవారకుండానే బస్సెక్కాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆమెకి ఎప్పుడూ కడుపులో తిప్పుతుంది. కిటికీ పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కింది దాకా అలాగే వచ్చింది. కోర్టు వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. చివరికి మా లాయరు బయటికొచ్చి, అవతలివాళ్లు మళ్లీ గడువు అడిగారనీ, వాయిదా పడిందనీ చెప్పాడు. పాపం ఆయనకే మొహం చిన్నబోయింది. "ఇంతదూరం ఊరికే తిరుగుతున్నారమ్మా. ఇంకా ఎన్నిసార్లు పడుతుందో చెప్పలేను," అన్నాడు.

తల్లి చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"పడనీ," అంది. "ఎప్పుడు రమ్మంటే అప్పుడొత్తాం."

తర్వాతి తారీఖు ఆయన్నడిగి నోటికి వచ్చేదాకా ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది. బస్సు టైమయిపోతోందని నేను తొందరపెడితే, ముందు అన్నం తిందారని హోటలు వైపు నడిచింది.